గాలికి ఎదురు నడిచినవాళ్ళు

ఎండాకాలం బాపట్ల తీరంలో గాలి రోజులో దిక్కు మార్చుకుంటుంది. ఉదయం పడమటి నుంచి వేడిగా వీస్తుంది. పొద్దెక్కి నేల కాగేకొద్దీ నేల మీది గాలి తేలికై పైకి లేస్తుంది. ఆ ఖాళీలోకి సముద్రం మీది చల్లని, బరువైన గాలి తోసుకొస్తుంది. మధ్యాహ్నానికల్లా ఆ గాలి సూర్యలంక ఇసుక మీదుగా, స్టూవర్టుపురం మీదుగా లోపలి చేల దాకా పోతుంది. రాత్రి నేల నీటికన్నా తొందరగా చల్లబడుతుంది కాబట్టి గాలి మళ్ళీ సముద్రం వైపు మళ్ళుతుంది. కుప్ప తూర్పారపట్టే రైతుకూ, తెరచాప ఎత్తే జాలరికీ ఇది తెలిసిన సంగతే. మెకం మీదికి పొంచి నడిచేవాడికి మాత్రం వేట అంతా ఈ మార్పు మీదే ఆధారపడి ఉంటుంది. ఉదయం గాలిని ముఖాన పెట్టుకుని పడమరకు నడక మొదలుపెట్టినవాడు, గాలి మళ్ళిన క్షణం నుంచి తన ఒంటి వాసనను తనకన్నా ముందే దుప్పికి పంపుతుంటాడు. ఆ తరవాత ఎంత మెల్లగా అడుగు వేసినా, ఎంత వంగి నడిచినా ప్రయోజనం లేదు.

ఇంగ్లండు పల్లెల్లోనూ ఐరోపా అడవుల్లోనూ ఫాలో జింకల వేట ఇప్పటికీ ఈ గాలి లెక్క మీదే సాగుతుంది. డబ్బు కట్టి వచ్చిన అతిథి చేతిలో తుపాకీ ఉంటుంది. ముందు నడిచేవాడు ఆ నేలలో పుట్టి పెరిగిన షికారీ. అతను మొదట అతిథి చేత గురిబోర్డు మీద కాల్పించి చూస్తాడు, చేయి నిలకడగా ఉందని తేలితేనే అడవిలోకి తీసుకుపోతాడు. తెల్లవారకముందే బయలుదేరతారు. ఏ పొద దాకా నిలబడి నడవాలో, ఎక్కడి నుంచి మోకాళ్ళ మీద పాకాలో, మందలో ఏ పోతును కాల్చాలో, దేన్ని పెరగనివ్వాలో అన్నీ అతనే చెబుతాడు. అతను సైగ చేసేదాకా తుపాకీ పేలదు. కొమ్ములు అతిథి ఇంటికి వెళతాయి. ఆ వేటను సాధ్యం చేసిన తెలివి షికారీతోనే ఉండిపోతుంది.

మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక ఇలాంటి వేట నేరం. ఆ చట్టం రావలసిందే, ఇంకా ముందే వచ్చి ఉంటే మన మైదానాల్లో చీతా మిగిలేదేమో. ఈ అధ్యాయం తుపాకీ కోసం రాసింది కాదు. తుపాకీని పక్కన పెట్టాక మిగిలే విద్య గురించి రాసింది. మృగానికి ఏం కనిపిస్తుంది, ఏం వినిపిస్తుంది, ఏ వాసన ఎంత దూరం నుంచి తగులుతుంది అన్నది ఆ విద్య. దాన్ని ఎరిగిన మనుషులను రాజ్యం ఎలా చూసింది అన్నది కూడా ఇందులో భాగమే. ఆ రెండో సంగతి మనల్ని మళ్ళీ స్టూవర్టుపురానికే తీసుకొస్తుంది.

ముందు మృగం సంగతి. ఫాలో జింక మన చుక్కల దుప్పికి దాయాది. పశ్చిమాసియా దాని పాత ఇల్లు. రోమన్ల కాలంలో ఒకసారి, పదకొండో శతాబ్దంలో నార్మన్లు వచ్చాక మరోసారి దాన్ని ఇంగ్లండుకు తెచ్చి దొరల ఉద్యానాల్లో పెంచారు. దాని పర్షియా బంధువు ఒకటి అంతరించిందనే అనుకున్నారు, 1950ల్లో ఇరాన్ నైరుతి మూలన ఏటి ఒడ్డు పొదల్లో కొద్దిపాటి మంద కనిపించింది. ఫాలో పోతు కొమ్ము పైకి పోయేకొద్దీ అరచేయిలా వెడల్పవుతుంది. మన చుక్కల దుప్పి కొమ్ము సన్నగా సాగి మూడు మొనలతో నిలుస్తుంది. ఫాలోకు ఎండాకాలంలో ఒంటి మీద తెల్లని చుక్కలుంటాయి, చలికాలం బొచ్చు వచ్చేసరికి అవి మాసిపోతాయి. మన దుప్పికి చుక్కలు ఏడాది పొడవునా ఉంటాయి.

ఒక తేడా మాత్రం వేటగాడికీ శాస్త్రజ్ఞుడికీ ఇద్దరికీ ముఖ్యం. చలిదేశపు పిల్ల వేసవి మొదట్లో, గడ్డి పుష్కలంగా ఉన్న వేళకే పుట్టాలి, లేకపోతే బతకదు. అందుకని ఫాలో పోతులన్నీ ఒకే కాలంలో కొమ్ములు రాలుస్తాయి, ఒకే కాలంలో పెంచుకుంటాయి, అక్టోబరులో ఒకేసారి జతకు సిద్ధమవుతాయి. ఆ వారాల్లో పోతు ఒక చోట నిలిచి, మేత దాదాపు మానేసి, గొంతు నుంచి మూలుగులాంటి శబ్దం చేస్తూ ఆడవాటిని పిలుస్తుంది. షికారీకి అంతకన్నా తేలిక రోజులు ఉండవు. మన అడవుల్లో రుతువులు అంత కఠినంగా ఉండవు కాబట్టి చుక్కల దుప్పికి ఆ కట్టుబాటు లేదు. ఏ నెలలో వెళ్ళినా మందలో ఒక పోతు గట్టి కొమ్ములతో, ఇంకొకటి నూగు చర్మం కప్పిన లేత కొమ్ములతో, మరొకటి బోడి తలతో కనిపిస్తాయి.

మన మైదానాల కృష్ణజింక అసలు వేరే కుటుంబం. అది కొమ్ములు రాల్చదు, మెలికలు తిరిగిన ఆ కొమ్ము బతికినంతకాలం ఉంటుంది. ఆంధ్రప్రదేశ్‌కు అది రాష్ట్ర జంతువు. తెలంగాణ చుక్కల దుప్పిని ఎంచుకుంది.

ముక్కు, కన్ను, చెవి

దుప్పి మూతి ఎప్పుడూ తడిగా ఉంటుంది. గాలిలో కొట్టుకొచ్చే వాసన అణువులు ఆ తడికి అంటుకుంటాయి. గాలి సరిగ్గా వీస్తే మనిషి వాసన కొన్ని వందల మీటర్ల నుంచే పసిగడుతుంది. అయితే వాసన పొగలా సాఫీగా పరుచుకోదు. నేల మీది గాలి సుడులు తిరుగుతూ దాన్ని పీలికలు చేస్తుంది, అందుకే ఎదురుగా ఉన్న మెకానికి వాసన ఒకసారి తగిలి, ఆగి, మళ్ళీ తగులుతుంది. మొదటి పీలిక తగలగానే అది పరుగెత్తదు. తల ఎత్తి, మూతి పైకెత్తి, రెండో పీలిక కోసం నిలబడుతుంది. ఆ నిలబడిన క్షణంలో కదలకుండా ఉండగలిగినవాడే పొంచి నడవడం వచ్చినవాడు. చిటికెడు బూడిదో దుమ్మో వదిలి అది ఎటు పోతోందో చూసుకుంటూ నడవడం మన అడవి మనుషులకు తెలుసు. ఇంగ్లండు షికారీ అదే పనికి సున్నపుపొడి నింపిన చిన్న సీసా జేబులో పెట్టుకుంటాడు.

కంటి సంగతిని శాస్త్రం ఆలస్యంగా తేల్చింది. 1994లో అమెరికా శాస్త్రజ్ఞుల బృందం ఒకటి ఫాలో జింక కంటినీ తెల్లతోక జింక కంటినీ విద్యుత్ సంకేతాల ఆధారంగా పరీక్షించింది. మన కంట్లో రంగును పట్టే శంకు కణాలు మూడు రకాలు. వాటికి రెండే ఉన్నాయని తేలింది. ఒకటి నీలానికి, ఇంకొకటి 540 నానోమీటర్ల దగ్గరలో ఉన్న పచ్చ వెలుగుకు స్పందిస్తుంది. ఎరుపును విడదీసే మూడో రకం లేదు. అందుకే విదేశాల్లో వేటగాళ్ళు ఒకరినొకరు పొరపాటున కాల్చుకోకుండా కళ్ళు జిగేల్‌మనే నారింజరంగు చొక్కా తొడుక్కుంటారు. సాటి మనిషికి ఆ చొక్కా మంటలా కనిపిస్తుంది, జింకకు ఎండిన ఆకుల్లో కలిసిపోతుంది. నీలంలోనూ దానికి అవతలి అతినీలలోహిత వెలుగులోనూ మాత్రం జింకదే పైచేయి. మన కంటిలోని కటకం అతినీలలోహిత కాంతిని ఆపేస్తుంది, వాటి కటకం కొంత లోపలికి పోనిస్తుంది. బట్టలు మరింత తెల్లగా కనిపించడానికి డిటర్జెంటులో కలిపే రసాయనాలు అతినీలలోహిత కాంతిని మింగి నీలికాంతిగా విడుస్తాయి. ఆ సబ్బుతో ఉతికిన చొక్కా మసక వెలుతురులో మనకు మామూలుగానే ఉంటుంది, జింక కంటికి వేరుగా మెరుస్తుంది.

వివరం చూడటంలో జింక కన్ను మనకన్నా తక్కువది. కదలిక పట్టడంలో చాలా ఎక్కువది. కళ్ళు తలకు రెండు పక్కలా ఉంటాయి కాబట్టి తల తిప్పకుండానే దాదాపు వెనక దాకా చూస్తుంది. కంటి వెనక అద్దంలాంటి పొర వచ్చిన వెలుగును తిరిగి లోపలికే పంపుతుంది. రాత్రి టార్చి వెలుతురులో వాటి కళ్ళు మెరిసేది దానివల్లే. తెల్లవారుజామున, మునిమాపున అది మేతకు దిగేదీ ఆ చూపు ధైర్యంతోనే.

చెవులు రెండూ వేరువేరుగా తిరుగుతాయి. ఒకటి మందవైపు, ఒకటి నీ వైపు. ఇంకా గట్టి కాపలా మందలోనే ఉంటుంది. ఇరవై దుప్పులు మేస్తుంటే ఏ క్షణాన చూసినా ఏదో ఒకటి తల ఎత్తి ఉంటుంది. ఒకటి కాలు నేలకేసి కొట్టి కీచుమని అరిచిందంటే మంద మొత్తం తలలెత్తుతుంది. నల్లమలలో తిరిగినవాళ్ళకు కొండముచ్చుల కింద దుప్పులు మేయడం కొత్త కాదు. పైనుంచి కొండముచ్చులు తెంపి పడేసే ఆకులూ కాయలూ దుప్పికి మేత. కొండముచ్చు చెట్టు చివర నుంచి దూరం చూస్తుంది. దుప్పి కింద నుంచి వాసన పడుతుంది, చప్పుడు వింటుంది. ఏది అరిచినా రెండో జాతికి హెచ్చరికే. పులికి కూడా ఆ అరుపు అర్థమవుతుంది. తనను చూశారని తెలిశాక అది చాలాసార్లు వేట మానేసి లేచి వెళ్ళిపోతుంది, ఎందుకంటే పులి బలం దాక్కోవడంలో ఉంది, దూరం పరుగెత్తడంలో లేదు.

బండి చుట్టూ తిరిగే లెక్క

ముక్కునూ కంటినీ మోసం చేయడం ఒక ఎత్తు. మృగం మనసును చదవడం ఇంకో ఎత్తు, నాకు ఎక్కువ ఆశ్చర్యం కలిగించేది ఇదే.

దక్కన్ మైదానాల్లో కృష్ణజింక మీదికి నడిచి వెళ్ళడం దాదాపు అసాధ్యం. చెట్టు లేదు, పొద లేదు. అది పరుగు అందుకుంటే గంటకు ఎనభై కిలోమీటర్ల దాకా పోగలదు. అందుకని వేటగాళ్ళు ఎద్దుబండి ఎక్కేవారు. రోజూ చేలకు ఎరువు తోలే బండి, గడ్డి తెచ్చే బండి జింకకు అలవాటే. అయితే బండిని నేరుగా జింక మీదికి తోలితే అది బెదురుతుంది. బండివాడు ఆ జింకతో తనకేం పనిలేనట్టు పక్కగా తోలతాడు, వంకరగా ఒక పెద్ద చుట్టు చుడతాడు, తరవాత కాస్త చిన్న చుట్టు. బండి అసలు ఆగదు, ఆగితే జింక తల ఎత్తుతుంది. తుపాకీవాడు కదిలే బండి చాటున దిగి నిలబడిపోతాడు, బండి ముందుకు పోతూనే ఉంటుంది. జింక చూపు బండి వెంట పోతుంది. పాత షికారు పుస్తకాల్లో ఈ పద్ధతి మాటిమాటికీ కనిపిస్తుంది.

అంతకు ముందు చీతాను కళ్ళకు గంతలు కట్టి ఇదే బండి మీద మంద దగ్గరికి తీసుకుపోయేవారు. ఇంకో పద్ధతి దీము. పెంచిన మగజింక కొమ్ములకు ఉచ్చులు కట్టి మైదానంలో వదిలేవారు. అడవి పోతు తన నేల మీదికి వచ్చిన కొత్తవాణ్ణి సహించక తలపడేది, కొమ్ములు ఉచ్చుల్లో చిక్కుకునేవి. అక్బరు కాలపు ఐన్-ఇ-అక్బరీలో ఈ వేట వర్ణన ఉంది. అంతకు నాలుగు వందల ఏళ్ళకు ముందే కల్యాణి చాళుక్యరాజు మూడో సోమేశ్వరుడు రాయించిన మానసోల్లాసంలోనూ జింకల వేట పద్ధతుల మీద పెద్ద భాగమే ఉంది.

1986లో ఇడెన్‌బర్గ్, డిల్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఒక సంగతి ప్రతిపాదించారు. శత్రువు కనబడగానే జంతువు పారిపోదు. పారిపోతే మేత పోతుంది, శక్తి పోతుంది. ఉండిపోతే ప్రాణం పోవచ్చు. ఈ రెండు నష్టాలూ సమానమయ్యే దూరం వచ్చాకే కాళ్ళకు పని చెబుతుంది. ఆ దూరాన్ని కొలిచే అధ్యయనాలు ఆ తరవాత ఎన్నో జాతుల మీద జరిగాయి. నేరుగా తన మీదికే వచ్చేవాణ్ణి, తన వైపే చూస్తూ వచ్చేవాణ్ణి చాలా జంతువులు దూరం నుంచే తప్పించుకుంటాయి. పక్కగా నడిచిపోయేవాణ్ణి దగ్గరగా రానిస్తాయి. మన బండివాళ్ళకు ఇదంతా అనుభవంలో ఉంది. జింక పారిపోయే దూరం స్థిరమైంది కాదనీ, మనిషి నడక తీరును బట్టి అది మారుతుందనీ వాళ్ళు చేతల్లో రుజువు చేశారు. దాన్ని సిద్ధాంతంగా రాసే చదువు వాళ్ళకు ఎవరూ చెప్పలేదు, అంతే తేడా.

ఆ దూరం అలవాటుతో ఎంత తగ్గుతుందో ఐర్లండులో డబ్లిన్ ఫీనిక్స్ పార్కులో చూడొచ్చు. 1660ల నుంచి అక్కడ ఫాలో జింకల మంద ఉంది. అక్కడ చదువుకునే తెలుగు పిల్లలు చాలామంది చూసే ఉంటారు. కొన్ని జింకలు మనుషుల చేతిలోంచే తింటాయి, కొన్ని ఎప్పుడూ దగ్గరకు రావు. ఆ ఊరి విశ్వవిద్యాలయం పరిశోధకులు గమనించింది ఏమిటంటే, జంకు లేకుండా అడుక్కునే తల్లులకు పుట్టిన పిల్లలు బరువు ఎక్కువ. అంటే సందర్శకులు బిస్కెట్లు పెట్టి తమకు తెలియకుండానే బెదురులేని జింకల జాతిని ఎంపిక చేస్తున్నారన్న మాట. అందుకే అక్కడి అధికారులు మేత పెట్టవద్దని బతిమాలుతున్నారు. తిరుమల ఘాట్ రోడ్డు పక్కన దుప్పులకు తినుబండారాలు విసిరే మనవాళ్ళు కూడా ఈ సంగతి తెలుసుకోవాలి.

ముందు నడిచినవాడి పేరు

షికారు చేసిన దొరలు రాసిన పుస్తకాలు అల్మారాలకు అల్మారాలున్నాయి. వాటిలో పులి పొడవు అంగుళాలతో సహా ఉంటుంది. తుపాకీ తయారుచేసిన కంపెనీ పేరు ఉంటుంది. జాడ పట్టి, గాలి చూసి, దొరను పులి ముందు నిలబెట్టినవాడు చాలాచోట్ల ‘నా షికారీ’ మాత్రమే. కెన్నెత్ ఆండర్సన్ లాంటి కొద్దిమంది ఆ అన్యాయం చేయలేదు. తనకు అడవి నేర్పిన పూజారి తెగ మనిషి బైరా పేరును ఆయన ఎన్నోసార్లు గౌరవంగా తలచుకున్నాడు.

అదే కాలంలో చట్టాలు ఎలా నడిచాయో వరసగా చూడండి. 1879లో మద్రాసు ప్రభుత్వం నీలగిరి వేట, చేపల సంరక్షణ చట్టం తెచ్చింది. లైసెన్సు కొన్నవాడి వేట క్రీడ అయింది. ఉచ్చు పన్ని కడుపు నింపుకునే కొండవాడిది దొంగవేట అయింది. 1871లో ఉత్తరాదిన మొదలైన నేరస్థ జాతుల చట్టాన్ని 1911లో మద్రాసు రాష్ట్రానికీ విస్తరించారు. 1912లో అడవి పక్షులు, జంతువుల రక్షణ చట్టం వచ్చింది. 1913 ప్రాంతంలో సాల్వేషన్ ఆర్మీ నిర్వహణలో బాపట్ల దగ్గర ఎరుకల కోసం ఒక సెటిల్‌మెంటు వెలిసింది. మద్రాసు గవర్నరు కార్యనిర్వాహక మండలి సభ్యుడు హెరాల్డ్ స్టూవర్ట్ పేరు దానికి పెట్టారు, అదే స్టూవర్టుపురం. జంతువుకు కొంత రక్షణ, మనిషికి పహరా, రెండూ ఆ రెండేళ్ళ వ్యవధిలోనే వచ్చాయి. నాకు ఇది ఎప్పుడు తలుచుకున్నా మనసు కలుక్కుమంటుంది.

ఎరుకలు ప్రధానంగా దుప్పుల వేటగాళ్ళు కారు. బుట్టలు అల్లారు, పందులు పెంచారు, వాళ్ళ ఆడవాళ్ళు సోది చెప్పారు. అంతకన్నా ముఖ్యంగా, తీరం నుంచి ఉప్పునూ లోపలి నుంచి ధాన్యాన్నీ ఎద్దుల మీద, గాడిదల మీద మోసి ఊరూరా అమ్మారు. పందొమ్మిదో శతాబ్దంలో రైలు వచ్చి, ఉప్పు మీద ప్రభుత్వ పట్టు బిగిసి ఆ వ్యాపారం కూలిపోయింది. చరిత్రకారిణి మీనా రాధాకృష్ణ ఈ క్రమాన్ని రికార్డులతో సహా వివరించారు. తిరగడమే బతుకైనవాళ్ళ తిరుగుడే అనుమానానికి కారణమైంది. డొంకదారులు ఎరిగి ఉండటం, రాత్రిపూట చప్పుడు లేకుండా నడవగలగడం, చీకట్లో దిక్కు తప్పకపోవడం — దొర వెంట షికారీకి ఉంటే మెచ్చుకోళ్ళు తెచ్చే ఈ గుణాలే ఎరుకల మనిషిలో నేరానికి సాక్ష్యంగా నిలిచాయి. రిజిస్టరులో పేరు, వేలిముద్ర, హాజరు పిలుపు. పాసు లేకుండా ఊరు దాటకూడదు. చీరాల పొగాకు కంపెనీకి ఆ సెటిల్‌మెంటు నుంచి కూలీలు వెళ్ళారు. మద్రాసు రాష్ట్రంలో ఆ చట్టం 1947లో రద్దయింది, దేశమంతటా 1952లో. ముద్ర మాత్రం పోలేదు. 1970ల నుంచి హేమలతా లవణం, లవణం దంపతులు స్టూవర్టుపురంలో చేసిన పని పెద్దది. కవి జాషువా కూతురు హేమలత, నాస్తికవాది గోరా కొడుకు లవణం ఆ గడపల్లోకి వెళ్ళి కూర్చోవడంతోనే సగం మార్పు మొదలైందని నా నమ్మకం. మిగతా సగం బయటి ఊళ్ళవాళ్ళు మారాలి. సినిమాలు ఆ ఊరి పేరును దొంగల కథలకు వాడుకున్నంత కాలం అది కష్టం.

ఈ తీరంలో అసలైన జాడ పట్టేవాళ్ళు యానాదులు. వరి కోతల తరవాత గట్ల వెంట నడుస్తూ ఏ కలుగులో ఎలుక ఉంది, ఏది ఖాళీ, ఏ రంధ్రం తప్పించుకునే దారి అన్నది మట్టి చూసి చెప్పగలరు. తప్పించుకునే దారులు మూసి, ఒక వైపు నుంచి పొగ పెట్టి, కలుగులో ఎలుక దాచిన ధాన్యంతో సహా బయటికి తీస్తారు. దుప్పి మీదికి పొంచి నడిచేవాడి బుద్ధీ ఇదే: మృగం ఏం చేస్తుందో దానికన్నా ముందు తెలుసుకోవడం. కృష్ణా డెల్టా పంటను ఎలుకల నుంచి ఎంతో కాలంగా కాపాడింది ఈ చేతులే. రేపల్లె అవతల మడ అడవుల్లో నీటి అంచున గంటల తరబడి కదలకుండా చేప కోసం కూర్చునే నీటిపిల్లిని గుర్తుపట్టాలన్నా బురదలో అడుగు చదవగల మనుషులే కావాలి.

తుపాకీ అవసరమా?

ఈ ప్రశ్నకు అన్ని నేలల మీదా ఒకే జవాబు లేదు. బ్రిటన్‌లో తోడేళ్ళనూ లింక్సులనూ మనుషులు ఏనాడో తుడిచిపెట్టారు. ఇప్పుడు అక్కడ జింకలను తినే పెద్ద మృగం లేదు. లేత మొక్కలన్నిటినీ అవి మేసేస్తుంటే అడవి ముసలిదవుతుంది, కొత్త చెట్టు రాదు. అందుకని అక్కడ ఏటా లెక్క ప్రకారం కాలుస్తారు. ఇంగ్లండులో ఫాలో పోతులకు ఆగస్టు నుంచి ఏప్రిల్ దాకా, ఆడవాటికి నవంబరు నుంచి మార్చి దాకా అనుమతి. పిల్లలు పాలు తాగే నెలల్లో తల్లి మీద తుపాకీ ఎత్తకూడదు.

మన చుక్కల దుప్పి కూడా సముద్రాలు దాటి అదే సమస్య అయింది. 1868లో హవాయి రాజుకు కానుకగా మొలొకాయ్ దీవికి చేరింది, 1932లో టెక్సస్‌కు చేరింది. రెండు చోట్లా పులి లేదు. టెక్సస్‌లో దానికి వేట రుతువు కూడా లేదు, ఏడాది పొడవునా కాల్చవచ్చు. డాలస్, ఆస్టిన్ చుట్టుపక్కల స్థిరపడిన తెలుగువాళ్ళు పడమటి గుట్టల వైపు వెళితే కంచెల వెనక మేస్తున్న నల్లమల చుక్కలను చూడొచ్చు. ఆ దుప్పిని పొంచి కాల్చేందుకు అతిథులు షికారీకి డబ్బు కడతారు. అంత దూరం కూడా వెళ్ళక్కర్లేదు. అండమాన్ దీవులకు బ్రిటిష్‌వాళ్ళు చుక్కల దుప్పులను తెచ్చి వదిలారు. పులి, చిరుత, రేసుకుక్క ఏవీ లేని ఆ అడవుల్లో అవి పెరిగి, మొలకలను పైకి రానివ్వకుండా చేస్తున్నాయి. శ్రీ విజయపురం (పాత పోర్ట్ బ్లెయిర్) తెలుగువాళ్ళు పక్కనే ఉన్న నేతాజీ సుభాష్ చంద్రబోస్ దీవిలో (పాత రాస్ దీవి) మనుషుల మధ్య తిరిగే దుప్పులను చూసి మురిసిపోతారు. ఆ దీవుల అడవి మాత్రం వాటికోసం తయారైంది కాదు. అక్కడ వాటి సంఖ్యను ఎలా తగ్గించాలన్నది నిజమైన ప్రశ్న, దాన్ని తప్పించుకోవడం అడవికి మేలు చేయదు.

నల్లమలలో ఆ ప్రశ్న లేదు. అక్కడ పులి ఉంది, చిరుత ఉంది, రేసుకుక్కల గుంపులున్నాయి. వాటి ఆకలే దుప్పుల లెక్కను సరిచూస్తుంది. అక్కడ మనిషి తుపాకీకి పని లేదు, మనిషి కంటికి ఉంది. 1983లో నాగార్జునసాగర్–శ్రీశైలం అడవిని పులుల అభయారణ్యం చేశాక, అక్కడ బేస్ క్యాంపుల్లో కాపలా తిరుగుతున్నవాళ్ళలో చెంచులు ఎందరో. జాడ చూసి పులి ఎప్పుడు వెళ్ళిందో, అది ఒంటరిదో పిల్లలతో ఉందో చెప్పడం, ఉచ్చు పన్నిన చోటు పట్టుకోవడం వాళ్ళ పని. నాలుగేళ్ళకోసారి దేశమంతటా పులుల లెక్క తీసేటప్పుడు కెమెరా ఏ దారిలో కట్టాలో తేల్చేది ఎక్కువగా వాళ్ళ కన్నే. దుప్పుల లెక్కకు కూడా గీసిన గీత వెంట తెల్లవారుజామున చప్పుడు లేకుండా నడవాలి, ఎన్ని కనిపించాయో, ఎంత దూరాన కనిపించాయో రాయాలి. అవి ముందే బెదిరి పోతే లెక్క తప్పుతుంది. వెనకటి షికారీ నడకే ఇప్పుడు గణాంక శాస్త్రానికి అవసరమైంది. వేట మైదానాలే కాపుదల చోట్లుగా మారినవీ ఉన్నాయి. హైదరాబాదులో వనస్థలిపురం పక్కన నిజాములు వేటాడిన నేల ఈనాడు కృష్ణజింకలున్న మహావీర్ హరిణ వనస్థలి.

నివేదికలు మాత్రం పాత అలవాటు మానలేదు. ముందు నడిచిన చెంచు ‘క్షేత్ర సహాయకుడు’ అవుతాడు, చివరి పేజీలో కృతజ్ఞతల వరసలో ఉమ్మడిగా మిగిలిపోతాడు. జాడ చదివి సమాచారం ఇచ్చిన మనిషి పరిశోధనలో భాగస్వామి. అతని పేరు రచయితల పేర్ల పక్కన ఉండాలి, జీతం కూడా ఆ విద్యకు తగ్గట్టు ఉండాలి. అటవీశాఖ పెద్దలకు, విశ్వవిద్యాలయాల జంతుశాస్త్ర విభాగాలకు నా మనవి ఇదే. పాఠకులకూ ఒక మనవి ఉంది. బాపట్ల, రేపల్లె, తెనాలి చుట్టుపక్కల ఊళ్ళలో గాలివాలు చూసి, మట్టి చూసి, అరుపు విని మృగం సంగతి చెప్పగల యానాది, ఎరుకల పెద్దలు ఎవరైనా మీకు తెలిస్తే వాళ్ళ దగ్గర కూర్చోండి. చెప్పింది చెప్పినట్టు రాసుకోండి. వాళ్ళు సరేనంటే పైన వాళ్ళ పేరు, ఊరు, తేదీ వేయండి.